ఉప్పెనలో మునిగిన అంబాసిడరు - అడుగున దొరికిన పైపు ముక్క

అవనిగడ్డ: ఇక్కడి నుంచి కోడూరు వెళ్ళే దారిలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వుంది. బోర్డు లేదు. లోపల రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో, వాటి వెనక దిమ్మల మీద ఎత్తిపెట్టిన కారు ఒకటి కనిపిస్తాయి. ఆ కారుకు చక్రాలు లేవు, అద్దాలు లేవు. తలుపులు నాలుగూ వూడదీసి గోడకు చేరవేసి వున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, "దీన్ని పాత ఇనుం కొట్టుకి వెయ్యకుండా ఎందుకు మేస్త్రీ ఈ తంటా?" అని అడుగుతుంటారు. ఏడాదిన్నరగా అడిగించుకుని అడిగించుకుని, మేస్త్రి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశాడు.

అది 1961 మోడలు అంబాసిడరు. యజమాని దివిసీమలోని ఒక వూళ్ళో ఉపాధ్యాయుడు. తన పేరుగాని, వూరి పేరుగాని రాయవద్దని ఆయన కోరారు. ఎందుకు కోరారో కింద చదివితే తెలుస్తుంది.

ఆయన తండ్రి ఈ కారును 1969లో బెజవాడలో ఒక ప్లీడరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నారు. కొత్త కారు కావాలంటే సొమ్ము కట్టి ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకోవలసిన రోజులవి. కారు మా వూళ్ళోకి వచ్చినా వెనక పిల్లలు పరుగెత్తేవారట. ఈ విలేఖరి తండ్రి ఆ పిల్లల్లో ఒకరు. దుమ్ము తప్ప ఏమీ కనిపించేది కాదని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు.

అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారుకు మన దేశపు రూపం. బెంగాలులోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు దీన్ని తయారుచేశారు. 2014లో ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. 1962లో మార్క్-2 రాకముందు తయారైన మొదటి రకం బండ్లు ఇప్పుడు చాలా తక్కువగా కనిపిస్తాయి. ఈ బండి ఆ రకంది. అయితే పైకి చూస్తే ఎవరూ ఆ మాట అనలేరు. ముందు జాలీ తర్వాత కాలపు బండిది. వెనక ఎడమ తలుపు ఒక టాక్సీది. తెల్లరంగు గోకితే దాని కింద పసుపు, నలుపు బయటపడ్డాయి.

"ఈ బండికి తుప్పు ఒక జబ్బు, మరమ్మతులు ఇంకో జబ్బు," అన్నాడు మేస్త్రి.

సీటు దాకా ఉప్పునీరు

1977 నవంబరు 19 ఉప్పెన గురించి దివిసీమవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. సముద్రానికి దగ్గరగా వున్న వూళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. ఈ ఉపాధ్యాయుడి వూరు కొంత లోపలికి వుండబట్టి ఇళ్ళు నిలిచాయి. కారు గొడ్ల సావిడిలో వుంది. నీరు సీటు దాకా వచ్చిందట. "కారు సంగతి ఎవరికి పట్టింది? శవాలు ఎత్తడానికి మనుషులు లేరు," అని ఆయన అన్నారు. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్ళు. బురదతో నిండిన కారును నాలుగు నెలలు ఎవరూ తాకలేదు.

ఉప్పు గుణం ఏమిటంటే అది ఎండాక పోయినట్టు కనిపిస్తుంది గాని పోదు. రేకూ రేకూ కలిసే అతుకుల్లో చేరి కూర్చుంటుంది. గాలిలో తేమ తగిలినప్పుడల్లా దాన్ని పీల్చుకుని మళ్ళీ పని మొదలుపెడుతుంది. అంబాసిడరుకు లారీకి వున్నట్టు కింద వేరే ఛాసిస్ చట్రం లేదు. బాడీయే చట్రం. అందులోనూ తలుపుల కింద పొడుగునా పెట్టెలా బోలుగా వుండే భాగం ముఖ్యమైనది. మేస్త్రి దాన్ని "గడప" అంటాడు. ఇంటికి గడప పుచ్చితే తలుపు ఎలా జారుతుందో కారుకూ అంతే. ఉప్పునీరు ఆ గడపల్లోకి చేరింది. పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపల్నుంచి తినేసింది.

1978లో ఎవరో బాగుచేశారు. ఎలా బాగుచేశారన్నది ఇప్పుడు విప్పితే తెలిసింది. పుచ్చిన అడుగు రేకు కోసేసి, నూనె డబ్బాల రేకులు విప్పి, చదునుగా కొట్టి, అల్యూమినియం రివెట్లతో బిగించారు. ఒక రేకు మీద డబ్బా అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. దాని మీద సిమెంటు పోశారు! డ్రైవరు కాళ్ళ దగ్గర రెండంగుళాల మందాన సిమెంటు వుంది. పైన చాప పరిచి వుండడం వల్ల నలభై ఏళ్ళు అది ఎవరికీ తెలియలేదు. గడపల్లో కొబ్బరిపీచు కూరి, పైన లప్పం పెట్టి నునుపు చేశారు. కొన్నిచోట్ల లప్పం వేలు మందాన వూడి వచ్చింది.

నవ్వొస్తుంది. ఈ విలేఖరీ నవ్వాడు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. "ఆ ఏడు ఈ దివిలో రేకు ఎక్కడ దొరుకుద్దండీ? ఇళ్ళకే కప్పులు లేవు. గ్యాసు సిలిండరు తెచ్చి వెల్డింగు చెయ్యాలంటే బెజవాడ పోవాలి. ఎవరోగాని బండిని పదిహేనేళ్ళు నడిపించాడు. నేను ఇప్పుడు చేసింది పదిహేనేళ్ళు వుంటుందో లేదో!" అన్నాడు.

అయినా ఆ మరమ్మతులు తీసెయ్యక తప్పదని ఆయనే విడమరిచి చెప్పాడు. స్లాబులో ఇనుము సిమెంటులో క్షేమంగా వుంటుంది, ఎందుకంటే స్లాబు కదలదు. కారు కదులుతుంది, వూగుతుంది. సిమెంటు బీటలిచ్చి ఆ బీటల్లో నీరు నిలుస్తుంది. కొబ్బరిపీచు తడిని పట్టుకుని వదలదు. ఇనుప రేకుకు అల్యూమినియం రివెటు కొడితే, మధ్య ఉప్పు తడి చేరినచోట ఒక లోహం రెండోదాన్ని తినిపెడుతుంది. రివెట్లు చాలావరకు పిండిలా రాలిపోయాయి.

బోరు నీళ్ళు పనికిరావు

పనిలో మొదటి చిక్కు ఎవరూ అనుకోనిది. ఉప్పు వదలాలంటే రేకులను మంచినీళ్ళతో మళ్ళీమళ్ళీ కడగాలి. దివిలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పన. ఆ నీటితో కడగడం పుండు మీద కారం చల్లినట్టే. అందుచేత కాలువకు నీళ్ళు వదిలేదాకా ఆగి, డ్రమ్ముల్లో తెచ్చి, బోలు భాగాల్లోకి గొట్టం పెట్టి వారం రోజులు కడిగారు. మొదటి రోజు వచ్చిన నీరు ఎర్రగా టీ డికాషన్‌లా వుందట.

తర్వాత కోత. గడప కొయ్యాలంటే ముందు తలుపుల సందుల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగు చేసి బాడీని బిగించాలి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు ముట్టాలి. అలా చెయ్యకపోతే బాడీ నడుము దగ్గర దిగబడిపోతుంది, ఇక ఏ తలుపూ మూసుకోదు. మేస్త్రి ప్రతి అతుకు తర్వాత తలుపు బిగించి మూసి చూసేవాడు. "తలుపు చప్పుడే నాకు టేపు" అంటాడు. చిన్న సామాన్లకు వేరే పద్ధతి. ప్లాస్టిక్ డ్రమ్ములో చాకలిసోడా నీళ్ళు పోసి, తుప్పు సామాను వేలాడదీసి, దానికి బ్యాటరీ చార్జరు రుణం తీగ తగిలిస్తాడు. ధనం తీగ పక్కన ముంచిన పాత ఇనుప కడ్డీకి. మర్నాటికి తుప్పు నల్లటి పొడిలా బ్రష్షుకి వచ్చేస్తుంది. గాలి ఆడేచోట చెయ్యాలి. అందులోంచి వచ్చే హైడ్రోజను నిప్పు తగిలితే పేలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు మాత్రం వాడకూడదట, నీళ్ళు విషమవుతాయి.

కొన్ని పాత మరమ్మతులను మేస్త్రి తీయలేదు. ముందు కుడి చక్రం దగ్గర ఒక ఇత్తడి బుష్ వుంది. కంపెనీది కాదు, ఎవరో లేతు మీద తిప్పి చేసింది. కొలత పెట్టి చూస్తే వెంట్రుక వాసి తేడా లేదు. దాన్ని తుడిచి గ్రీజు పెట్టి మళ్ళీ బిగించాడు. రేడియేటరు అడుగున గట్టిపడిన పసుపు ముద్ద దొరికింది. కారుతున్న రేడియేటరులో పసుపు వేయడం, పెట్రోలు ట్యాంకుకు బట్టల సబ్బు రుద్దడం మన డ్రైవర్లకు కొత్తకాదు. దారి మధ్యలో ఆగిపోకుండా ఇంటికి చేర్చే వైద్యాలవి. ఇల్లు చేరాక అసలు వైద్యం చేయించని యజమానులదే తప్పని ఈ విలేఖరి అభిప్రాయం.

ఇంజను మారిన కథ

1986లో పెట్రోలు ఖర్చు భరించలేక తండ్రి ఇందులో డీజిలు ఇంజను ఎక్కించారు. ఆ రోజుల్లో చాలా అంబాసిడర్లకు ఇదే జరిగింది. 1994లో బండి పూర్తిగా ఆగిపోయింది.

ఇప్పుడు ఆ డీజిలు ఇంజనే అడ్డు తగిలింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన, సొంత వాడకపు కార్లూ, మోటారు సైకిళ్ళూ వాటి కిందికి వస్తాయి. అయితే బండి అసలు రూపంలో వుండాలి. బాడీగాని, ఛాసిస్ గాని, ఇంజనుగాని పెద్దగా మార్చి వుండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. వెనకటి నంబరు వున్న బండికి ఆ నంబరే వుంచుకోవచ్చు. రోజూ బజారుకు వేసుకుపోవడానికి మాత్రం వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించడానికో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదు.

తండ్రి ఏ వస్తువూ పారేసే మనిషి కాకపోవడం కలిసివచ్చింది. పాత పెట్రోలు ఇంజను రైసుమిల్లు మూల, గోనెసంచుల కింద దొరికింది. 1489 సిసి ఇంజను. దాని మీది నంబరు ఆర్‌సి పుస్తకంలోని నంబరుతో సరిపోయింది. పిస్టన్లు పట్టేసి వుంటే నెల రోజులు డీజిలు పోసి నానబెట్టి, మెల్లగా తట్టి తీశారు. సిలిండర్లు బోరు కొట్టించడానికి విజయవాడ ఆటోనగర్ పంపారు. అక్కడే వాల్వుల సీట్లు కూడా గట్టి లోహంవి వేయించారు. పాత ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడినవి. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పైగా ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది గనుక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చారు. జాలీ కోసం మద్రాసు పుదుప్పేటలో రెండు రోజులు తిరిగారు. దొరికింది గాని ఒక పక్క వంగి వుంది. ఇప్పటికి ఖర్చు ఎంతయిందని అడిగితే మాష్టారు నవ్వి, ఇంట్లోవాళ్ళ వైపు చూసి మాట మార్చారు.

నొక్కిన పైపు

వెనక ఇరుసు దించిన రోజున మేస్త్రి మాష్టారికి ఫోను చేసి వెంటనే రమ్మన్నాడు.

బ్రేకు తొక్కినప్పుడు ఆయిలు సన్నని గొట్టాల ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. వెనక ఇరుసు మీద అది రెండుగా చీలి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పోతుంది. ఆ కుడి గొట్టాన్ని ఎవరో సుత్తితో చప్పిడిగా కొట్టి, మడిచి, మళ్ళీ కొట్టి మూసేశారు. అంటే కుడి వెనక చక్రానికి బ్రేకు లేదు. ఆ చక్రం సిలిండరు కారుతుంటే, సామాను దొరకక, ఆయిలు పోకుండా మూసివుంటారని మేస్త్రి అంటున్నాడు. డ్రమ్ములు విప్పితే ఎడమ చక్రం బ్రేకు లైనింగు రివెట్ల దాకా అరిగి వుంది. కుడి చక్రానిది కొత్తదానిలా వుంది.

"ఇట్లాంటి బండి బ్రేకు కొడితే ఎటు పోతుంది?" అని మాష్టారు అడిగారట. "ఎడం పక్కకి లాగుద్దండి. వాన పడి రోడ్డు జారుడుగా వుంటే మరీనీ," అన్నాడు మేస్త్రి. మాష్టారు అక్కడే వున్న టైరు మీద కూలబడ్డారు.

1983 వానాకాలంలో ఈ కారు కాలువలో పడింది. గట్టు మీద వస్తుంటే ఎదురుగా ఎద్దుబండి వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. కారు ఎడమకు తిరిగి కాలువలోకి దిగిపోయింది. ప్రాణాలు పోలేదుగాని తండ్రికి కాలు విరిగింది. ఆయన 2004లో చనిపోయేదాకా కుంటుతూనే నడిచారు. డ్రైవరు తాగి నడిపాడని వూళ్ళో ఒక మాట పుట్టింది. తండ్రి ఆ మాట అనలేదు, కాదనీ అనలేదు. మర్నాడే పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఆ మనిషికి ఎవరూ కారు తాళం ఇవ్వలేదు. "కారు ముంచినోడు" అన్న పేరు వుండిపోయింది. రైసుమిల్లులో బస్తాలు మోశాడు. 2011లో చనిపోయాడు.

"కారు ఎడంపక్కకి లాగుతోందని ఆయన నాన్నగారితో చెప్పడం నేను విన్నాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మొన్ననే బ్రేకు బాగుచేయించాం గదా, నీ చెయ్యే లాగుతోంది అన్నారు నాన్నగారు. నేనూ నవ్వాను," అని మాష్టారు చెప్పారు.

పైపు ప్రమాదానికి ముందే మూశారా, తర్వాతా? ఈ ప్రశ్న ఈ విలేఖరి అడగకముందే మాష్టారు వేసుకున్నారు. తండ్రి రాసిన ఖర్చుల పుస్తకాలు అటక మీద వున్నాయి. 1983 ఆగస్టులో "కారు బ్రేకు బాగు" అని ఒక పద్దు వుంది. ప్రమాదం తర్వాత రేకు పనికీ, రంగుకూ పద్దులున్నాయి. బ్రేకు మాట 1994 దాకా మళ్ళీ లేదు. మేస్త్రి మాత్రం తూచినట్టు మాట్లాడాడు. "నేను చూడలేదు గదండీ. పుస్తకం అట్లా చెబుతోంది, లైనింగు అట్లా చెబుతోంది. ఒట్టు వెయ్యమంటే వెయ్యను." ప్రమాదం తర్వాత పదకొండేళ్ళు అదే బ్రేకుతో ఆ కుటుంబం తిరిగింది. తర్వాత వచ్చిన డ్రైవరు నింపాదిగా నడిపే మనిషి కావడం వల్ల బతికిపోయామని మాష్టారు అంటున్నారు.

ఇంట్లో తల్లి వద్దన్నారు. "పోయినవాళ్ళిద్దరూ పోయారు. ఇప్పుడు తవ్వి ఏం చేస్తావురా?" అన్నారు. రెండు నెలలు మాష్టారు వూరుకున్నారు. షెడ్డుకు రావడం కూడా తగ్గించారు. చివరికి ఒక ఆదివారం పైపు ముక్కను కాగితంలో చుట్టుకుని బయల్దేరారు. ఈ విలేఖరి కూడా వెంట వెళ్ళాడు.

డ్రైవరు భార్యకు డెబ్భై దాటాయి. కొడుకు ఆటో నడుపుతాడు. ఆమె మాష్టారిని గుర్తుపట్టి, కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించింది. మాష్టారు కాగితం విప్పి చేతిలో పెట్టి, తడబడుతూ సంగతంతా చెప్పారు. ఆమె పైపును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆయన చెప్పాడు గదా బాబూ. అయ్యగారికి చెప్పాడు, ఇంటికొచ్చి నాకూ చెప్పాడు. ఆ నెలంతా అన్నం దగ్గర అదే మాట," అంది. కోపంగా అనలేదు. కాసేపాగి, "తాగి నడిపాడన్నారు. ఆయన కల్లు కూడా ముట్టడు," అంది.

మాష్టారు నాన్నగారి తరఫున తప్పు ఒప్పుకుంటున్నానని చెప్పారు. ఆమె జవాబివ్వలేదు. కొడుకు అంతసేపూ గుమ్మంలో నిలబడే వున్నాడు. తానూ బండి నడిపేవాడు గనుక చూడగానే అర్థమైనట్టుంది. తల్లి చేతిలోంచి పైపు తీసుకుని మడత మీద బొటనవేలితో రుద్ది, "ఇది మా దగ్గర వుండనివ్వండి" అన్నాడు. మాష్టారు ఇచ్చేశారు.

ఈ సంగతి తెలిసి మేస్త్రి తల పట్టుకున్నాడు. కొత్త గొట్టం కొయ్యడానికి ఆ పాతదే కొలతట. ఎడమవైపుది పొడుగు వేరు కాబట్టి పనికిరాదు. చివరికి ఇరుసు వెంట ఒక తీగ పెట్టి వంపులు తీసుకుని గొట్టం చేశాడు. నాలుగు చక్రాలకూ కొత్త సిలిండర్లు పడ్డాయి. ఇంజను వచ్చే నెల ఎక్కిస్తారట. టాక్సీ తలుపు మాత్రం ఇంకా సరిగ్గా మూసుకోవడం లేదు.